చిన్న టీమ్‌తో బైక్ రేసుకి వెళ్తున్నారా? వీకెండ్‌ని ఇలా నడపండి

బైక్ రేసు అనగానే అందరి ధ్యాసా ఇంజిన్ మీదికీ ఎగ్జాస్ట్ మీదికీ పోతుంది. ఒక రైడరు, ఒకే బైకు, సాయానికి వచ్చిన ముగ్గురు నలుగురు స్నేహితులు ఉన్న టీమ్‌కి మాత్రం అన్నిటికంటే పెద్ద కరువు టైముకే. ఒక్కో సెషన్ పదిహేను ఇరవై నిమిషాలే ఉంటుంది, రోజుకి అలాంటివి కొన్నే ఉంటాయి, అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ట్రాక్ దగ్గరే పడి ఉన్నా బైకు నిజంగా తిరిగేది గంటో గంటన్నరో. అందులో ఒక సెషన్ చైన్ లింక్ దొరక్కో, ఫ్యూజ్ పోయో, ట్రాన్స్‌పాండర్‌కి (ల్యాప్ టైము నమోదు కోసం బైకుకి పెట్టే చిన్న పరికరం) చార్జింగ్ పెట్టడం మర్చిపోయో చేజారిందంటే, అందులో నేర్చుకోవాల్సింది ఎంత డబ్బు పోసినా మళ్లీ రాదు. అందుకే ఇక్కడ చెప్పేదంతా ఒక్క పని కోసమే: పిట్ లేన్ (బైకులు ట్రాక్ మీదికి వెళ్లే దారి) గేటు తెరిచే టైముకి బైకూ రైడరూ రెడీగా, కంగారు లేకుండా అక్కడ ఉండాలి.

ఇంటి దగ్గరే తేలిపోవాల్సినవి

ముందు రూల్ బుక్ పూర్తిగా చదవండి. రైడరు ఒక్కరు చదివితే చాలదు, బైకు మీద చెయ్యి వేసే ప్రతివాళ్లూ చదవాలి. ఏ క్లాసుకి ఏ టైరు, ఇంజిన్‌లో ఏది ముట్టుకోవచ్చు ఏది ముట్టుకోకూడదు, నంబరు ఏ రంగు మీద ఏ సైజులో ఉండాలి, శబ్దం ఎంత దాటకూడదు, ఇవన్నీ నిర్వాహకుల్ని బట్టి మారతాయి. ఒక చోట పాసైన బైకు ఇంకో చోట స్క్రూటినీలో (రేసుకి ముందు అధికారులు చేసే బైకు తనిఖీలో) ఆగిపోవడం మామూలే.

రోడ్డు బైకుని రేసుకి సిద్ధం చేస్తుంటే అద్దాలు, ఇండికేటర్లు, సైడ్ స్టాండు, నంబరు ప్లేటు తీసేయాలి. లైటు తీయడం కుదరకపోతే గాజు మొత్తం కప్పేలా టేపు వేయాలి. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) దించేసి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. గ్లైకాల్ ఉన్న కూలెంట్ ట్రాక్ మీద పడితే ఆ జారుడు అంత తేలిగ్గా వదలదు, వెనకొచ్చే రైడర్ల ప్రాణం మీదికొస్తుంది, అందుకే చాలా రేసుల్లో దాన్ని ఒప్పుకోరు. ఇంజిన్ కింద ఉండే ఫెయిరింగ్ (బైకు బయటి తొడుగు) కూడా ఇందుకోసమే: ఇంజిన్ పగిలినా ఆయిల్ ట్రాక్ మీదికి రాకుండా పట్టి ఉంచాలి, ఆయిలూ నీళ్లూ కలిపి కనీసం సగమైనా అందులో నిలవాలని చాలా రూల్ బుక్కులు అడుగుతాయి. బ్రేక్ లివర్‌కి గార్డు, వెనక స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) కింది భాగంలో చైన్‌కీ పళ్లకీ మధ్య వేళ్లు పడకుండా చిన్న అడ్డు, ఈ రెండూ చవకైనవే, ముందే బిగించేయండి.

లాక్ వైర్ దగ్గర మాత్రం కాస్త ఓపిక కావాలి. ఆయిల్ డ్రెయిన్ బోల్టు, ఆయిల్ పోసే మూత, ఫిల్టరు, బ్రేక్ కాలిపర్ బోల్టులు, వీటన్నిటికీ స్టీలు వైరు కట్టాల్సిందే. సుమారు 0.8 మి.మీ. మందం ఉన్న స్టెయిన్‌లెస్ వైరు సరిపోతుంది. బోల్టు తలకి సన్నటి రంధ్రం వేసి, అందులోంచి వైరు దూర్చి, రెండు పోగులూ కలిపి ప్లయర్‌తో సమంగా మెలితిప్పుకుంటూ రెండో కొస దాకా తీసుకెళ్లాలి. ఇక్కడ చూసుకోవాల్సింది వైరు లాగే దిక్కు. బోల్టు ఊడే వైపు కొంచెం తిరగబోయినా వైరు బిగుసుకుని దాన్ని ఆపాలి. రెండో వైపు నుంచి కడితే చూడ్డానికి అంతే అందంగా ఉంటుంది గానీ బోల్టు ఊడుతుంటే వైరు చక్కగా వదులైపోతుంది. కట్టాక వేలితో బోల్టుని విప్పే దిక్కుకి నెట్టి చూడండి, వైరు టక్కున బిగుసుకుందంటే సరిగ్గా కట్టినట్టు. మిగిలిన కొసని కత్తిరించి వెనక్కి మడిచేయండి, లేకపోతే ఆయిల్ తుడిచేటప్పుడు ఎవరో ఒకరి వేలు తెగుతుంది. చేత్తో తిప్పి బిగించే ఫిల్టరు అయితే దాని చుట్టూ హోస్ క్లాంపు వేసి, ఆ క్లాంపు నుంచి వైరు లాగొచ్చు.

బ్రేక్ ఫ్లూయిడ్ రేసుకి ముందు కొత్తది పోసి గాలి తీసేయండి. ఇది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరిగే వేడి కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, తేమ పట్టాక అది 155 దాకా దిగిపోయినా ప్రమాణం ఒప్పుకుంటుంది. రోడ్డు మీద ఆ తేడా తెలియకపోవచ్చు. ట్రాక్ మీద వరసగా పది ల్యాప్‌లు గట్టిగా బ్రేకులు పట్టాక లోపల ఆవిరి బుడగలు పుట్టి లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, అది ఎప్పుడొస్తుందంటే బ్రేకు బాగా కావాల్సినప్పుడే వస్తుంది.

స్పేర్ల సంగతికొస్తే, బైకు మామూలుగా జారిపడితే ముందు ఏవి విరుగుతాయో అవే కొనండి. బ్రేక్ లివర్, క్లచ్ లివర్, క్లిప్-ఆన్ హ్యాండిళ్లు, ఫుట్ పెగ్గులు, గేర్ లివర్, ఇంజిన్ పక్క కవర్లు. తర్వాత ఫ్యూజులు, బ్రేక్ ప్యాడ్లు, చైన్ లింకు, స్పార్క్ ప్లగ్గులు, జిప్ టైలు, మంచి టేపు. ఇంజిన్ విడిభాగాల మీద డబ్బు పెట్టే ముందు ఈ డబ్బా నింపండి, ఎందుకంటే పాడక్‌లో (ట్రాక్ దగ్గర టీమ్‌లు టెంట్లు వేసుకునే చోటు) ఇంజిన్ విప్పి మళ్లీ బిగించే టైము చిన్న టీమ్‌కి ఎలాగూ దొరకదు, విరిగిన గేర్ లివర్ మాత్రం పది నిమిషాల్లో మారిపోతుంది.

పనిముట్లు సర్దేటప్పుడు సైజుల ప్రకారం కాకుండా పనుల ప్రకారం సర్దడం మంచిది. చక్రం మార్చడానికి కావాల్సినవన్నీ ఒక చోట, బ్రేకులవి ఒక చోట, టైరు గాలివి ఒక చోట.

ఎవరి పని వాళ్లకి

చిన్న టీమ్‌లో గొడవంతా ఎక్కడొస్తుందంటే, అందరూ స్నేహితులే కాబట్టి అందరూ అన్నీ చేస్తారు. ఒకరు చక్రం నట్టు సగం బిగించి ఫోన్ వస్తే పక్కకి వెళ్తారు, ఇంకొకరు అది అయిపోయిందనుకుని స్టాండు దించేస్తారు. ఇది భయపడాల్సిన విషయమే. కాబట్టి వెళ్లే ముందే కూర్చుని పనులు పంచుకోండి. టార్క్ రెంచ్ (బోల్టు ఎంత బిగువో కొలిచి బిగించే పానా) ఒక్కరి చేతిలోనే ఉండాలి, బిగించిన ప్రతి ముఖ్యమైన బోల్టు మీదా వాళ్లే పెయింట్ మార్కర్‌తో గీత పెట్టాలి. గీత లేదంటే బిగించలేదనే లెక్క, అందులో మొహమాటం లేదు. టైర్లూ పెట్రోలూ ఇంకొకరు చూసుకోవాలి. పిట్ బోర్డు (రైడర్‌కి సమాచారం చూపించే పలక), స్టాప్‌వాచ్, నోట్‌బుక్ మరొకరి దగ్గర.

వీటితో పాటు గడియారం చూసే మనిషి ఒకరు కావాలి, అది మెకానిక్ కాకూడదు. పనిలో మునిగిన మనిషికి టైము తెలియదు. ఈ మనిషి టైమ్‌టేబుల్ చేతిలో పట్టుకుని, స్పీకర్లో ప్రకటనలు వింటూ, "ఇంకా ముప్పై నిమిషాలు", "ఇంకా ఇరవై, లెదర్స్ వేసుకో" అని చెప్తూ ఉండాలి (లెదర్స్ అంటే రేసులో వేసుకునే తోలు సూటు). రేసుల్లో టైమ్‌టేబుల్ తరచూ మారుతుంది, ముందు రేసులో ఎవరైనా పడితే వెనక్కి జరుగుతుంది, ఏదైనా సెషన్ రద్దయితే ముందుకి వచ్చేస్తుంది. టీమ్‌లో చేరిన కొత్తవాళ్లకి, పానా పట్టడం రానివాళ్లకి ఈ పని ఇవ్వండి, వాళ్లే అందరికంటే బాగా చేస్తారు.

రైడర్‌కి ఇచ్చే పని మాత్రం తక్కువ ఉండాలి. బండి తోలడం, వచ్చాక సరిగ్గా చెప్పడం, నీళ్లు తాగడం, నిద్రపోవడం. ఖర్చంతా తనే పెట్టుకున్న రైడరు రాత్రి పన్నెండింటి దాకా బైకు కిందే పడుకుని పని చేయడం చిన్న టీమ్‌లలో మామూలుగా కనిపిస్తుంది, మర్నాడు మధ్యాహ్నం రేసులో అది బయటపడుతుంది.

పాడక్‌కి చేరాక

గేటు తెరుస్తారంటే ముందు రోజు సాయంత్రమే చేరుకోండి. నేల చదునుగా ఉన్న చోటు చూసుకుని, టెంటు కాళ్లకి బరువులు కట్టండి, ఎందుకంటే ట్రాకులు సాధారణంగా ఖాళీ మైదానాల్లో ఉంటాయి, గాలి ఒక్కసారి లేస్తే టెంటు పక్కవాళ్ల బైకు మీద ఉంటుంది. బైకు కింద ఆయిల్ పీల్చే చాప పరవాలి. పెట్రోలు క్యాన్లు నీడలో, జనరేటర్‌కి దూరంగా పెట్టండి. మంటలార్పే సిలిండర్ అందరికీ కనిపించేలా పెట్టి, దాని పిన్ను ఎలా లాగాలో ప్రతి ఒక్కరికీ చూపించండి. టైర్ వార్మర్లు (టైర్లకి చుట్టి వేడిచేసే కరెంటు దుప్పట్లు) కరెంటు బాగా లాగుతాయి, సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరుని చుట్టలా వదిలేసి వాడితే అది వేడెక్కి కరుగుతుంది, కాబట్టి లావు వైరు తెచ్చుకుని పూర్తిగా విప్పి పరవండి.

సంతకాలు, లైసెన్సు, ట్రాన్స్‌పాండర్ తీసుకోవడం, రైడర్ల మీటింగు, ఇవన్నీ ఉంటాయి, వాటి టైములు రాసి టెంటు కర్రకి అంటించండి. స్క్రూటినీకి బైకు శుభ్రంగా కడిగి తీసుకెళ్లండి. మురికిగా ఉన్న బైకుని చూస్తే ఇన్‌స్పెక్టర్ ఇంకా లోతుగా వెతుకుతారు, అది న్యాయమే, మురికి కింద పగులు కనిపించదు మరి. థ్రాటిల్ వదలగానే టక్కున మూసుకోవాలి, కిల్ స్విచ్ పనిచేయాలి, హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు వేళ్లు ట్యాంకుకి నలగకూడదు, హ్యాండిల్ కొసలు మూసి ఉండాలి. హెల్మెట్, లెదర్స్, గ్లవ్స్, బూట్లు కూడా చూస్తారు. హెల్మెట్ మీద ఈసీఈ 22.06 లాంటి ముద్ర, వెన్ను ప్రొటెక్టర్ మీద ఈఎన్ 1621-2 అని ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకోవాలి, అక్కడికెళ్లాక కొత్తది దొరకదు. శబ్దం పరీక్ష ఉంటే సైలెన్సర్ కొసకి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో మీటరు పెట్టి, చెప్పిన ఆర్‌పీఎం దగ్గర కొలుస్తారు.

సాయంత్రం అనుమతిస్తే ట్రాక్ మొత్తం నడవండి, రైడర్‌తో పాటు కనీసం ఇంకొకరు. బైకు మీద వెళ్తే కనిపించనివి నడిస్తే కనిపిస్తాయి: తారు రంగు మారిన చోటు, అతుకులు, మలుపు బయటి అంచున పేరుకున్న ఇసక, పక్కన కెర్బ్ ఎత్తు. ప్రతి మలుపు దగ్గరా జెండా పట్టుకునే మార్షల్ ఎక్కడ నిలబడతారో రైడరు వేలు పెట్టి చూపించగలగాలి. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉంది, వేగం తగ్గించాలి, ఓవర్‌టేక్ చేయకూడదు. ఎరుపు అంటే సెషన్ ఆపేశారు, నెమ్మదిగా పిట్‌కి రావాలి. పసుపు మీద ఎర్ర చారలుంటే ట్రాక్ మీద జారుడు. నీలం చూపిస్తే వెనక వేగంగా వచ్చేవాళ్లున్నారు. నల్ల జెండా మీద నారింజ రంగు గుండ్రం, పక్కన మీ నంబరు కనిపిస్తే మీ బైకులో ఏదో తేడా ఉంది, ఆయిల్ కారుతుండొచ్చు, వెంటనే రేసింగ్ లైను (అందరూ వేగంగా వెళ్లే దారి) వదిలేసి ట్రాక్ బయటికి వచ్చేయాలి. మిగతా జెండాల అర్థం సిరీస్‌ని బట్టి కొంచెం మారుతుంది, మీటింగులో చెప్పేది వినండి.

మొదటి ప్రాక్టీస్, ఆ తర్వాతి నాలుగు నిమిషాలు

మొదటి సెషన్‌లో ల్యాప్ టైము చూడకండి. పిట్ బోర్డు మీద కూడా టైము చూపించకపోవడమే మేలు. బైకు ఎక్కడా కారకుండా, ఏదీ వదులవకుండా తిరిగి వస్తే చాలు. కొత్త టైర్లయితే పైపొర అరిగే దాకా బైకుని కొద్దికొద్దిగా ఎక్కువ వంచుకుంటూ పోవాలి. ట్రాక్‌లో ఒక వైపు మలుపులే ఎక్కువుంటే రెండో వైపు టైరు చల్లగా ఉంటుందని రైడర్‌కి గుర్తు చేయండి, చాలాసేపటి తర్వాత వచ్చే మొదటి ఎడమ మలుపులోనో కుడి మలుపులోనో ఊరికే పడిపోయేది అందుకే.

బైకు తిరిగొచ్చిన మొదటి నాలుగు నిమిషాలు బంగారం. ముందు గాలి కొలవాలి, వెంటనే, రైడరు హెల్మెట్ తీసే లోపే. టైరు చల్లారితే ఆ అంకెకి విలువ ఉండదు. గాలి వేడెక్కితే ప్రెషర్ ఎంత మారుతుందో ఒక లెక్క చూడండి: 20 డిగ్రీల దగ్గర 30 పీఎస్‌ఐ పెట్టిన టైరుని 80 డిగ్రీలకి తీసుకెళ్తే దాదాపు 39 అవుతుంది. కాబట్టి "నేను 30 పెట్టాను" అనే మాటకి, ఏ వేడి దగ్గర పెట్టారో చెప్పకపోతే అర్థం లేదు. టైరు కంపెనీ తన ప్రతి టైరుకీ వేడి మీద ఎంత, చల్లగా ఎంత అని చెప్తుంది, అక్కడి నుంచే మొదలుపెట్టండి, పక్క టెంటు వాళ్ల అంకె తీసుకోకండి, వాళ్ల టైరు వేరు, బరువు వేరు, వేగం వేరు. వీకెండ్ అంతా ఒకే గేజు వాడండి. రెండు గేజులు రెండు రకాలుగా చూపిస్తాయి, మీకు కావాల్సింది సెషన్‌కీ సెషన్‌కీ మధ్య తేడా.

గాలి కొలిచాక టైరు పైభాగం చూడండి, ఫోన్‌తో ఫోటో తీయండి. సన్నగా, సమంగా గరుకు పట్టి ఉంటే బాగానే పనిచేస్తోంది. రబ్బరు లోతుగా చీలి, పెచ్చులుగా లేచి ఉంటే గాలిదో, వేడిదో, సస్పెన్షన్‌దో తప్పు ఉంది. ఫోటో పట్టుకెళ్లి ట్రాక్ దగ్గరుండే టైరు మనిషిని అడగండి, రోజుకి వందల టైర్లు చూసే మనుషులు వాళ్లు. తర్వాత వార్మర్లు చుట్టేయండి. చాలా వార్మర్లు 80 డిగ్రీల దగ్గర ఆగుతాయి, కానీ పై రబ్బరు వేడెక్కినంత త్వరగా లోపలి పొరలూ రిమ్మూ వేడెక్కవు, చల్లటి టైరుకి సుమారు గంట సేపు ఉంచితేనే లాభం.

ఇక రైడర్‌తో మాట్లాడటం. హెల్మెట్ తీసి, నీళ్లు తాగనివ్వండి, తర్వాత ఒక్కరే అడగాలి. "ఎలా ఉంది?" అంటే "బాగాలేదు" అంటారు, దానితో ఏం చేయలేం. ఏ మలుపులో, బ్రేకు పట్టేటప్పుడా, మధ్యలోనా, థ్రాటిల్ తెరిచేటప్పుడా, ముందు చక్రమా వెనకదా అని అడగండి. సమాధానాన్ని రైడరు అన్న మాటల్లోనే రాయండి, మీ అర్థం కలపకండి. ట్రాక్ మ్యాపు ప్రింటు ఒకటి పక్కన ఉంటే వేలు పెట్టి చూపించమనడం ఇంకా తేలిక. ఈలోగా మెకానిక్ చైనూ, ప్యాడ్ల మందమూ, పెయింట్ గీతలూ చూసుకుంటూ ఉంటారు. చైన్ వదులు కొలిచేటప్పుడు చక్రం తిప్పుతూ అన్నిటికంటే బిగువుగా ఉన్న చోట కొలవాలి.

సస్పెన్షన్ విషయంలో ఇంటి దగ్గరే సాగ్ కొలిచి ఉంచుకోండి. రైడరు పూర్తి గేరుతో కూర్చున్నప్పుడు ముందు 30 నుంచి 40 మి.మీ., వెనక 25 నుంచి 35 మి.మీ. మధ్య దిగితే మొదలుపెట్టడానికి సరిపోతుంది. ఫోర్క్ గొట్టానికి ఒక జిప్ టై వేస్తే ఎంత లోతుకి దిగిందో వచ్చాక కనిపిస్తుంది. క్లిక్కులు (సస్పెన్షన్ సర్దే స్క్రూ తిప్పినప్పుడు వచ్చే మెట్లు) ఎప్పుడూ పూర్తిగా బిగించిన చోటు నుంచి లెక్కపెట్టి రాయండి. ఒక సెషన్‌కి ఒకే మార్పు. ప్రీలోడూ (స్ప్రింగుని ముందే ఎంత నొక్కి ఉంచాలో), రీబౌండూ (నొక్కుకున్న స్ప్రింగు ఎంత వేగంగా తిరిగి లేవాలో), టైరు గాలీ మూడూ కలిపి మార్చి బైకు బాగుపడితే ఎందుకు బాగుపడిందో తెలియదు, పాడైతే ఎక్కడికి వెనక్కి వెళ్లాలో తెలియదు. అయినా సస్పెన్షన్ పట్టుకుని ఊగిసలాడటం కంటే రైడరు అలవాటు పడటానికి ఇంకో సెషన్ వదిలేయడం కొత్త టీమ్‌లకి ఎక్కువ ఫలితం ఇస్తుందని నా గట్టి నమ్మకం.

గేరింగ్ మాత్రం త్వరగా తేల్చుకోవచ్చు. అన్నిటికంటే పొడుగు స్ట్రెయిట్ చివర, బ్రేకు పట్టే ముందే ఇంజిన్ రెవ్ లిమిటర్ కొడుతుంటే గేరింగ్ పొడుగు చేయాలి (నిష్పత్తి తగ్గించాలి), పై గేరులో ఇంజిన్ ఊపందుకోకుండానే బ్రేకు వచ్చేస్తుంటే పొట్టి చేయాలి (నిష్పత్తి పెంచాలి). ముందు 15 పళ్లు, వెనక 45 పళ్లు ఉంటే నిష్పత్తి (వెనక పళ్లని ముందు పళ్లతో భాగిస్తే వచ్చేది) 3. ముందు 16 వేస్తే 2.81. వెనక 42 వేస్తే 2.8. అంటే ముందు ఒక పన్ను వెనక మూడు పళ్లతో సమానం, కాబట్టి చిన్న సవరణలకి వెనక స్ప్రాకెట్లు రెండు మూడు తెచ్చుకోవడం మేలు.

క్వాలిఫైయింగ్

ఇక్కడ కొత్త ప్రయోగాలు వద్దు. ప్రాక్టీసులో పనిచేసిన సెట్టింగుతోనే వెళ్లండి. పెట్రోలు లీటరు సుమారు ముప్పావు కిలో ఉంటుంది, ఫుల్ ట్యాంకు అక్కర్లేదు, కానీ సెషన్ పూర్తిగా తిరిగి రావడానికి సరిపోయి ఇంకాస్త మిగలాలి. అందరూ ఒకేసారి తోసుకుంటూ బయటికెళ్తారు, ఆ గుంపు వెనక చిక్కుకుంటే మంచి ల్యాప్ రాదు. గేటు దగ్గర ముందు వరసలో నిలబడండి, లేదంటే కావాలనే కాసేపు ఆగి ఖాళీ చూసుకుని వెళ్లండి. ఎరుపు జెండా వస్తే మిగిలిన టైము ఇస్తారన్న గ్యారంటీ లేదు, అందుకని మొదటి రెండు మూడు ల్యాప్‌ల్లోనే ఒక సరైన టైము పెట్టేయడం క్షేమం.

పడితే

పడతారు, ఎప్పుడో ఒకప్పుడు అందరూ పడతారు, కాబట్టి ఏం చేయాలో ముందే మాట్లాడుకోండి. మొదట రైడరు. నడుచుకుంటూ వచ్చినా సరే మెడికల్ సెంటర్‌కి తీసుకెళ్లండి. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, అడిగిందే మళ్లీ అడగడం, ఏ సెషన్‌లో ఉన్నామో గుర్తు లేకపోవడం, కళ్లు మసకబారడం, వీటిలో ఒక్కటి ఉన్నా ఆ వీకెండ్ రైడింగ్ అయిపోయినట్టే. "నేను బానే ఉన్నా" అనే మాట పట్టించుకోవద్దు, తల అదిరిన మనిషికి తన పరిస్థితి తనకి తెలియదు. ఈ నిర్ణయం తీసుకునే అధికారం టీమ్‌లో ఇంకొకరికి ఉండాలి, రైడరు ముందే ఒప్పుకుని ఉండాలి. నేలకి తగిలిన హెల్మెట్ మళ్లీ వాడకూడదు, పైకి గీత కనిపించకపోయినా లోపలి ఫోమ్ ఒకసారి నలిగితే అయిపోయినట్టే. అందుకే రెండో హెల్మెట్ ఉంటే తెచ్చుకోవాలి.

తర్వాత బైకు. ముందు విరిగిన ప్లాస్టిక్ వైపు చూడకండి, అది టేపుతో నిలుస్తుంది. థ్రాటిల్ నుంచి మొదలుపెట్టండి: పట్టుకుని తిప్పి వదిలితే టక్కున మూసుకుంటోందా, లోపల ఇసక కరకరలాడుతోందా. ఆ తర్వాత బ్రేకు: లివర్, హోసు, డిస్కు వంకర. ముందు చక్రం తిన్నగా ఉండి హ్యాండిల్ వంకరగా ఉంటే చాలాసార్లు ఫోర్కులు క్లాంపుల్లో మెలితిరిగి ఉంటాయి, బోల్టులు వదులు చేసి సరిచేసి మళ్లీ టార్క్ ప్రకారం బిగించాలి. స్టీరింగ్ ఆపే దిమ్మెలు, రేడియేటర్, ఇంజిన్ కవర్లు, ఫుట్ పెగ్గుల బ్రాకెట్లు, సబ్‌ఫ్రేమ్ చూడండి. కంకరలో దొర్లిన బైకు అయితే కింది ఫెయిరింగ్ విప్పి రాళ్లు ఖాళీ చేయాలి, ఎయిర్ బాక్స్ తెరిచి లోపలికి మట్టి వెళ్లిందేమో చూడాలి, ఇది చూడకుండా ఇంజిన్ స్టార్ట్ చేయకండి. బైకు బోర్లా పడి ఉంటే ఆయిల్ మట్టం కూడా. అన్నీ అయ్యాక మళ్లీ స్క్రూటినీకి చూపించాలి, దానికీ టైము పడుతుంది, గడియారం మనిషి అది లెక్కలో పెట్టుకోవాలి.

గంటలో రేసుంది, బైకు అనుమానంగా ఉంది, అందరికీ దూరం నుంచి వచ్చామన్న టెన్షన్ ఉంది. అలాంటప్పుడు టార్క్ రెంచ్ పట్టుకున్న మనిషి "వద్దు" అంటే వద్దు, అక్కడితో చర్చ ఆగిపోవాలి.

రేసు రోజు

రేసు టైము నుంచి వెనక్కి లెక్కేయండి. గంట ముందు వార్మర్లు ఆన్. అంతకు ముందే పెట్రోలు పోసేయాలి, రేసు దూరానికీ, ముందు తిరిగే సైటింగ్ ల్యాప్, వార్మప్ ల్యాప్‌కీ కలిపి, ఇంకో రెండు ల్యాప్‌లకి సరిపడా. అరగంట ముందు టార్క్ చెకింగ్ ఆఖరిసారి, ట్రాన్స్‌పాండర్ లైటు వెలుగుతోందో లేదో చూడటం. ఇరవై నిమిషాల ముందు రైడరు లెదర్స్ వేసుకోవాలి. ఆఖరి పది నిమిషాలు రైడర్‌తో ఎవరూ కొత్త విషయాలు మాట్లాడకూడదు, సలహాలు అసలు వద్దు. లెదర్స్‌లో చెమట ధారగా కారుతుంది, నీళ్లు పొద్దున్నుంచే కొంచెం కొంచెంగా తాగుతూ ఉండాలి, రేసు ముందు ఒక్కసారిగా తాగితే పొట్ట బరువే మిగులుతుంది.

గ్రిడ్‌లో (స్టార్టుకి బైకులు వరసగా నిలబడే చోట) నిలబడ్డాక తన వరస పెట్టె ఏదో రైడర్‌కి ముందే తెలిసి ఉండాలి. ఎర్ర లైట్లు వెలిగి ఆరిపోగానే స్టార్టు. ఇంట్లో ఎన్ని వీడియోలు చూసినా క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో చేతికే తెలియాలి, కాబట్టి అనుమతి ఉన్న చోట ప్రాక్టీసు స్టార్టులు రెండు మూడు చేయించండి, అంతకు మించితే క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి. కదిలాక చూపు మొదటి మలుపు మీద ఉండాలి, పక్కవాళ్ల మీద కాదు. చల్లటి టైర్లతో, గుంపులో, మొదటి మలుపులో మూడు స్థానాలు సంపాదించాలని చూసి పడిపోయేవాళ్లు ఎక్కువ. చిన్న టీమ్‌కి ఆ మలుపు దాటడమే ముఖ్యం, మిగతా స్థానాలు తర్వాత వస్తాయి.

పిట్ బోర్డు మీద మూడే ఉండాలి: స్థానం, మిగిలిన ల్యాప్‌లు, వెనకవాళ్లతో తేడా. గంటకి రెండు వందల కిలోమీటర్ల వేగంతో పోయే మనిషి చదవగలిగేది అంతే. బోర్డు ఎప్పుడూ ఒకే చోట, ఒకే ఎత్తులో పట్టుకోండి.

ఎరుపు జెండాతో రేసు ఆగితే చాలా టీమ్‌లు గుమిగూడి ఏం జరిగిందో మాట్లాడుకుంటూ నిలబడతాయి. మీరు నిలబడకండి. వెంటనే స్టాండు, వార్మర్లు, రూలు ఒప్పుకుంటే పెట్రోలు, రైడర్‌కి నీళ్లు, హెల్మెట్ వైజర్ తుడవడం. రీస్టార్ట్ చాలా త్వరగా ప్రకటిస్తారు.

వాన సంగతి ఒకటి. రెండో జత చక్రాలకి వాన టైర్లు ఎక్కించి ఉంచుకున్నవాళ్లకి ఇబ్బంది లేదు. ఒకే జత చక్రాలున్న టీమ్ ఆఖరి అరగంటలో టైర్లు మార్చాలనుకోవద్దు, మబ్బు చూసి పొద్దున్నే నిర్ణయించుకోండి, ఆ నిర్ణయం మీదే ఉండండి. వానలో సస్పెన్షన్ కొంచెం మెత్తగా, వాన టైర్లకి కంపెనీ చెప్పిన వేరే ప్రెషరు.

రేసు అయ్యాక

గీత దాటగానే బైకుని సొంత టెంటుకి తెచ్చేయకండి, ముందు వరసల్లో వచ్చినవాళ్ల బైకుల్ని కొన్నిసార్లు వేరే చోట ఆపి బరువు, పెట్రోలు, టైర్లు చూస్తారు. అక్కడ అధికారులు చెప్పే దాకా ఎవరూ చెయ్యి వేయకూడదు, ఊరికే తుడిచినా తప్పే. ఫలితాల కాగితం అంటించాక అభ్యంతరం చెప్పడానికి కొద్ది టైమే ఇస్తారు, ఒకరు వెళ్లి చూసి రండి. అద్దెకి తీసుకున్న ట్రాన్స్‌పాండర్ తిరిగి ఇచ్చేయండి.

సర్దే ముందే నోట్‌బుక్ తీయండి, ఇల్లు చేరాక రాద్దాంలే అంటే సగం మర్చిపోతారు. వాతావరణం, ట్రాక్ వేడి, టైరు ప్రెషర్లు, క్లిక్కులు, స్ప్రాకెట్లు, పెట్రోలు ఎంత తాగింది, ఏ స్పేరు వాడేశారు. టైరు పక్కన మార్కర్‌తో ఎన్ని సెషన్లు తిరిగిందో రాయండి, వేడెక్కి చల్లారిన ప్రతిసారీ రబ్బరు కొంత గట్టిపడుతుంది, తర్వాతిసారి దాన్ని ప్రాక్టీసుకి వాడాలో పారేయాలో ఆ అంకె చెప్తుంది. వాడేసిన స్పేర్ల జాబితా ఆ డబ్బా మూత లోపలే అంటించేయండి.

బైకుని వ్యాన్‌లో ఎక్కించి పట్టీలు బిగించాక, పావుగంట ప్రయాణం చేసి ఒకసారి ఆపి పట్టీలు మళ్లీ చూడండి, ఫోర్కులు సర్దుకున్నాక అవి వదులవుతాయి. బండి నడిపేది మధ్యాహ్నం కాస్త పడుకున్నవాళ్లయి ఉండాలి, దాన్ని కూడా పనులు పంచుకునేటప్పుడే రాసుకోండి.